తీగల్లేని సుత్తులు

పియానోరావుగారి అసలు పేరు మా గేటెడ్ కమ్యూనిటీలో ఎవరికీ గుర్తులేదు. వాట్సాప్ గ్రూపులో ఎవరో "కారు ధరకు కీబోర్డా?" అని నోరు జారిన రోజే ఆ పేరు ఖాయమైపోయింది. "కీబోర్డ్ కాదండీ, హైబ్రిడ్ పియానో!" అని ఆయన ఇప్పటికీ సరిదిద్దుతూనే ఉన్నారు.

వచ్చినవాళ్లకి కాఫీ కంటే ముందు మూతెత్తి చూపిస్తారు. గోత్రప్రవర చెప్పినట్టు 2009లో యమహా అవంత్‌గ్రాండ్, 2015లో బెక్‌స్టైన్‌తో చేయి కలిపిన కాసియో, ఆ తర్వాత కవాయి నోవస్ అంటూ వంశం మొత్తం అప్పజెబుతారు. "లోపలున్నది అచ్చం గ్రాండ్ పియానో యాక్షనే. మీట నొక్కితే సుత్తి లేస్తుంది, సెన్సార్లు దాని వేగం పసిగడతాయి, స్పీకర్లు పలుకుతాయి."

"తీగలేవి బాబూ?" అన్నారు వాళ్ల అత్తగారు.

"ఉండవండీ."

"కొట్టని సుత్తికా ఇంత డబ్బు!"

ఆయన తడుముకోకుండా బోజెండార్ఫర్ పియానోలకి మళ్లారు. వియన్నా ఇంపీరియల్‌కి 97 మీటలట, దాని నాదమే ఇందులో ఉందట. ఇందులో ఉన్నవి 88. మిగతా తొమ్మిదీ ఏమయ్యాయంటే, "అవెలాగూ ఎవరూ వాయించరండీ" అన్నారు.

"ఈ 88 మాత్రం ఎవరు వాయిస్తున్నారో!" అని వంటింట్లోంచి వినబడింది.

నిజానికి ఆయన వాయిస్తారు. 'ఫర్ ఎలీజ్' మొదటి తొమ్మిది స్వరాలు. పదోది ఎప్పుడూ వచ్చే వారమే.

ఆయన్ని చూసి ఆ వాద్యాన్ని తీసిపారేయడం మాత్రం అన్యాయం. మీట పూర్తిగా పైకి రాకముందే అదే స్వరాన్ని మళ్లీ పలికించే వెసులుబాటు, వేలు మెత్తగా ఆనించినా పలికే తీరు మామూలు డిజిటల్లో అంతగా దొరకవు. ట్యూనింగ్ బెడద లేదు, అర్ధరాత్రి సాధన చేసినా పక్క ఫ్లాటువాళ్లు తలుపు తట్టరు. కాకపోతే అంత డబ్బూ వేళ్లకు పెట్టే ఖర్చు. చెవికి అందేది చివరికి స్పీకర్ శబ్దమే. పైగా సుత్తులకంటే ముందే లోపలి ఎలక్ట్రానిక్స్ ముసలివైపోతాయి.

నాలుగో అంతస్తు పిల్ల ట్రినిటీ సంగీత పరీక్షకు చదువుతోంది. సాధనకని ఆదివారాలు వస్తుంది. మొన్న ఒకే స్వరాన్ని గబగబా పలికించే ముక్క వాయిస్తుంటే పియానోరావుగారు వెనక నిలబడి, "చూశావా తల్లీ, ఇదంతా యాక్షన్ మహిమ" అని మొదలుపెట్టి 1821లో ఎరార్ కనిపెట్టిన డబుల్ ఎస్కేప్‌మెంట్ దాకా వెళ్లారు. అరగంటకి ఆ పిల్ల వెనక్కి తిరిగి, హెడ్‌ఫోన్లు తీసి అడిగింది: "అంకుల్, ఏమైనా అన్నారా?"