విచార భాండాగారము

అప్పటి బ్రిటిష్ ప్రధాని థెరిసా మే గారు 2019 ఏప్రిల్ 10వ తేదీన, బుధవారమునాడు, కామన్స్ సభలో లేచి, 1919లో పంజాబులోని జలియన్‌వాలాబాగున జనసమూహముపై జరిగిన కాల్పులకు తమ ప్రభుత్వము గాఢముగా విచారించుచున్నదని సెలవిచ్చిరి. నూరేండ్లు నిండుటకు ఇంకను మూడు దినములుండగనే ఈ 'రిగ్రెట్' మనకు ముట్టినది గనుక ఆలస్యమైనదని ఫిర్యాదు చేయుటకు మనకు వీలులేదు.

ఇంగ్లండులో ఎచ్చటనో ఒక విచార భాండాగారము ఉండితీరవలెనని నా నిశ్చితాభిప్రాయము. విందునకు పోజాలని దొరసాని వ్రాయు చీటికిని, ఉద్యోగము దొరకని కుర్రవానికి కంపెనీ పంపు జాబునకును, రైలు ఆలస్యమైనపుడు స్టేషనులో వినవచ్చు ప్రకటనకును కావలసిన విచారమంతయు ఆ ఒక్క పీపానుండియే తులముల లెక్కన తూచి యిచ్చుచుందురు. పంజాబు పద్దు తన బల్లపైకి వచ్చిన దినమున భాండాగారాధికారి కళ్లజోడు సవరించుకొని, చిట్టా తిరగవేసి, 'సర్కారు లెక్క ప్రకారము మృతులు 379, తూటాలు 1,650, కాలము సుమారు పది నిమిషములు' అని చదువుకొని, ఇంత బరువైన పద్దునకు ఒట్టి విచారము చాలదని తలపోసి, పై అరనుండి 'గాఢము' అను సీసాను దింపి, రెండు చుక్కలు కలిపి పంపియుండును. ఇదే పద్దు క్రింద 1997లో రాణిగారి పేర 'బాధాకరము' ఒకటియు, 2013లో కామెరాన్ గారి పేర 'సిగ్గుచేటు' ఒకటియు ఇదివరకే ఖర్చు వ్రాసియున్నవి. తనకు చేయి పెద్దదని అనిపించుకొనవలెననియే కాబోలు భాండాగారాధికారి ఆశ.

ఆ భాండాగారమున లోపలిగది యొకటి కలదు. దానిపై 'అపాలజీ' అని బోర్డు, తలుపునకు తాళము. తాళపుచెవి ఖజానావారి మొలలో నుండును. క్షమాపణ చెప్పినచో ఆర్థిక పర్యవసానములు ఉండవచ్చునని విదేశాంగశాఖ సహాయమంత్రి యొకరు ముందునాడే జ్ఞాపకము చేసిరి గదా! అప్పటి ప్రతిపక్షనాయకుడు కోర్బిన్ గారు నిస్సందిగ్ధమైన క్షమాపణ కావలెనని అడిగినను తలుపు తెరువబడలేదు. వీధిలో తన కాలు తొక్కినవానికి సైతము తానే 'సారీ' చెప్పు జాతి అది. ఆ వీధి సరుకు సభలో చెల్లదు కాబోలు.

ఇక తూకము చాలు. ఆ సాయంకాలము తూటాలు దాదాపు నిండుకొనువరకు కాల్పించి, క్షతగాత్రులవైపు కన్నెత్తియైనను చూడక వెడలిపోయిన సేనాని డయ్యరు, గాయపడినవారి సంగతి చూచుట తన పని కాదనియు, ఆసుపత్రులు తెరచియే యున్నవనియు విచారణ జరిపిన హంటర్ సంఘము నెదుట చెప్పెను. రాత్రి ఎనిమిది దాటి వీధిలో కనబడినవారిని కాల్తుమని ఆజ్ఞ వేసినది ఎవరు? ఆ ఆజ్ఞ మూలమున, శవమును మోయుటకు వచ్చు నాథుడు లేక, రతన్ దేవి అను ఇల్లాలు తెల్లవార్లు భర్త కళేబరము కడనే, వెదురుకర్రతో కుక్కలను అదలించుచు కూర్చుండెను. ఆమెకు చెప్పవలసిన మాటకా, దొరలారా, మీరు నేడు ధర కట్టుచున్నారు? 1920లో డయ్యరు కొలువు పోయినపుడు మార్నింగ్ పోస్టు పత్రిక జోలె పట్టగా, ఆ హంతకునికి మీ పెద్దలు 26,000 పౌండ్లకు పైగా ప్రోగుచేసి యిచ్చిరి. ఆర్థిక పర్యవసానములు అపుడు ఒక్కనికిని జ్ఞాపకము రాలేదు.