పడవ చూపులు

పెళ్ళిచూపుల్లో నన్ను పెద్దగా పరీక్షించకుండానే ఒప్పేసుకున్న మా ఆవిడ, పడవ చూపులకు మాత్రం టేపు పట్టుకుని బయల్దేరింది. రిటైరయ్యాక కాలిఫోర్నియా తీరం వదిలి ఇద్దరం సముద్రం మీద తిరగాలన్న సరదా నాది. లెక్కలు ఆవిడవి.

నా కన్ను 40 అడుగుల తెరచాప పడవ మీద. లోపల హాలంత కేబిన్, డబుల్ కాటు, ఫ్రిజ్జు! ఆవిడ హాలు మధ్యన నిలబడి రెండు చేతులూ చాపింది.

"పడవ ఒరిగితే నేను దేన్ని పట్టుకోవాలండీ?"

బ్రోకరు నవ్వి ఊరుకున్నాడు. పట్టుకోవడానికి అక్కడేమీ లేదు మరి. రేవులో హాయిగా కనిపించే ఆ వెడల్పే నడిసముద్రంలో మనిషిని ఈ గోడ నుంచి ఆ గోడకు విసిరేస్తుంది.

ఇంటికొచ్చాక నాకు క్లాసు. లిన్, లారీ పార్డీ దంపతులు 1968లో ఈ కాలిఫోర్నియాలోనే నీళ్ళలోకి దింపిన 'సెరాఫిన్' పొడవు 24 అడుగుల 4 అంగుళాలట. ఇంజిన్ కూడా లేదట. దాంతోనే భూగోళం చుట్టొచ్చారట.

"ఇంజిన్ లేకుండానా?"

"వాళ్ళాయనకు తెరచాప దించడం వచ్చు."

పడవ పెరిగితే తెరచాప, తాళ్ళు, లంగరు అన్నీ బరువెక్కుతాయి. మెరీనా అద్దె సరేసరి, అది అడుగుల లెక్కనే. అర్ధరాత్రి గాలి రేగితే ఒకరు నిద్రలో ఉన్నా రెండోవారు ఒంటరిగా తెరచాప తగ్గించుకోగలగాలి. ఆ రెండోవారు ఎవరో నా గురక ఎప్పుడో తేల్చేసింది.

చివరికి ఆవిడ మనసు వెస్ట్‌సెయిల్ 32 మీద పడింది. బరువైన ఒళ్ళు, అడుగున వెన్నెముకలా ముందు నుంచి వెనక దాకా సాగిన కీల్. నత్తనడక అని దానికి పేరు. "మనకేం ఆఫీసు టైమవుతోందా?" అంది. 1991 నాటి అట్లాంటిక్ తుఫానులో ఇదే రకం పడవ 'సటోరి' నుంచి మనుషుల్ని కోస్ట్‌గార్డు తప్పించింది. ఖాళీ పడవ మాత్రం మునగలేదు, తర్వాత ఒడ్డున పెద్ద దెబ్బల్లేకుండా దొరికింది. ఇది చెప్పి ఆవిడ నావంక అదోలా చూసింది. పడవలో లోపం ఎక్కడుంటుందో నాకు అర్థమైంది.

ఇక వంటిల్లు. ఇరుకే, కానీ నడుముకు పట్టీ కట్టుకుని నిలబడొచ్చు. పడవ ఎటు ఒరిగినా మట్టం తప్పకుండా ఊగే స్టవ్వు, చారుగిన్నె జారకుండా క్లాంపులు. ఆవకాయ జాడీకి కీల్ మీద, అట్టడుగున చోటు. బరువు ఎంత కిందుంటే పడవకు అంత నిలకడ. ఈ ఒక్క సూత్రం నాకు వెంటనే ఎక్కింది.

కొనబోయే దంపతులకు ఒక మాట. రేవులో కట్టేసిన పడవ చూసి అడ్వాన్సు ఇవ్వకండి. గాలున్న రోజు బయటికి తీయించి, ఒరిగిన పడవలో రెండు గ్లాసుల కాఫీ కలిపి చూడండి. కలపాల్సింది మాత్రం మగవాళ్ళే.