మబ్బుల వెనుక విదేశీ హస్తం

భద్రాచలానికి వరద ఎందుకొస్తుందని అడిగితే ఖమ్మం జిల్లాలో చదువురాని ముసలమ్మ కూడా మూడు కారణాలు చెబుతుంది. పైన మహారాష్ట్రలో వానలు, పక్కన ఛత్తీస్‌గఢ్‌లో వానలు, మన నెత్తిన మన వానలు. నాలుగో కారణం ఒకటుందని 2022 జులై 17న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ భద్రాచలం వచ్చి చెప్పేదాకా ఎవరికీ తట్టలేదు. ఇతర దేశాల వాళ్లు కావాలని క్లౌడ్ బరస్ట్‌లు చేయిస్తున్నారట. మొదట లేహ్, లద్దాఖ్‌లో, తర్వాత ఉత్తరాఖండ్‌లో చేశారట. ఇప్పుడు గోదావరి మీద పడ్డట్టు సమాచారమట. ఇది ఎంతవరకు నిజమో తెలియదని కూడా ఆయనే అన్నారు. తెలియని సంగతి వరద బాధితుల ఊళ్లో ఎందుకు చెప్పడమని అడగొద్దు. తెలిసిన సంగతులు చెబితే వాటికి జవాబు కూడా చెప్పాల్సొస్తుంది మరి.

సరే, కుట్ర ఉందనే అనుకుందాం. అసలు ఆ కుట్రదారుల పనితనం చూడండి! మన వాతావరణ శాఖ లెక్కలో క్లౌడ్ బరస్ట్ అంటే ఇరవై ముప్పై చదరపు కిలోమీటర్ల మేర గంటలో పది సెంటీమీటర్ల వాన. గోదావరి పరీవాహకం మూడు లక్షల చదరపు కిలోమీటర్ల పైమాటే. అంటే ఆ పరాయి దేశం వాడు ముందు విదర్భలో వార్ధా, వైన్‌గంగ, పెన్‌గంగలను నింపి, ఆ నీళ్లను ప్రాణహితలో కలిపి, కాళేశ్వరం దగ్గర గోదావరికి అప్పజెప్పి, ఆ వెంటే బస్తర్ నుంచి ఇంద్రావతిని దింపి, చర్ల దగ్గర తాలిపేరు గేట్లు ఎత్తించి, అంతా ఒకే సమయానికి రాములవారి స్నానఘట్టాల దగ్గరికి చేర్చాలి. దిగువన కూనవరం దగ్గర శబరి పోటెత్తి గోదావరిని ముందుకు కదలనివ్వకపోతే ఆ పుణ్యం కూడా వాడిదే. ఇన్ని శాఖల్ని ఇంత పొందిగ్గా నడిపించే మనిషి నిజంగా దొరికితే జైల్లో పెట్టకూడదు. పట్టుకొచ్చి మన నీటిపారుదల శాఖలో కూర్చోబెట్టాలి.

ఇంకో చిక్కుంది. 2022 జులై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులు. 1990లో 70.8. 1986 ఆగస్టులో 75.6, ఇప్పటికీ రికార్డు అదే. మరి ఆ 1986లో మబ్బులకు చిల్లు పెట్టిన దేశం ఏది? ఊళ్లో ట్రంకు కాల్ కలవడానికే పూటంతా పట్టే రోజుల్లో, మన అడవుల మీద కన్నేసి మబ్బుల్ని పేల్చిన ఆ మహానుభావుడెవరు? పాత కేసు తిరగదోడకుండా కొత్త కేసు పెట్టడం న్యాయమేనా?

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. గోదావరి గట్టున మొదటిది బాగానే తెలుస్తుంది. ఈ నది దొంగచాటుగా వచ్చే రకం కాదు. పైన ఎక్కడెక్కడ ఎంత పారుతున్నదో కేంద్ర జల సంఘం గంటగంటకూ చెబుతూనే ఉంటుంది. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వరద ఉన్న నాలుగు రోజులూ బూర్గంపాడు, సారపాక, దుమ్ముగూడెం జనం ఎదురుపడితే అన్నం తిన్నావా అని అడగరు, ఎన్ని అడుగులుందని అడుగుతారు. “రాత్రికి యాభై దాటుద్దంట” అంటే మంచాలు, బియ్యం మూటలు ట్రాక్టరెక్కుతాయి. మూడో హెచ్చరిక తర్వాత నాలుగోది లేదు. 2022లో నది ఆ మూడో గీత దాటి ఇంకో పద్దెనిమిది అడుగులు పెరిగింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఇన్ని నోటీసులిచ్చి వచ్చిన వరదను పట్టుకుని రహస్య కుట్ర అనడానికి ధైర్యం కావాలి.

ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. అదే వారంలో కాళేశ్వరం ప్రాజెక్టులో కన్నేపల్లి, అన్నారం పంపుహౌస్‌లు మోటార్లతో సహా మునిగాయి. ఆడలేక మద్దెల ఓడన్నది పాత కాలం. ఇప్పుడు మద్దెలలో గూఢచారి దూరాడంటే సరిపోతుంది.

కుట్ర మాట చెప్పిన రోజే కేసీఆర్ వరద బాధిత కుటుంబానికి పదివేలు, ఇరవై కిలోల బియ్యం అన్నారు. ముంపు బాధ శాశ్వతంగా తీరేలా మిట్ట ప్రాంతంలో కాలనీ కట్టడానికి, మిగతా పనులకు వెయ్యి కోట్లు అన్నారు. ఆ కాలనీ కోసం వెతికిన వాళ్లకు మాత్రం ఇప్పటికీ మిట్టే కనిపిస్తున్నది. అంతకుముందు రామాలయానికి ప్రకటించిన వంద కోట్లు కూడా ఇదే దారిన పోయాయి. ఈ ఊరికి ఖజానాతో పాత లెక్కలున్నాయి. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న మంజూరు లేని సొమ్ము ఖర్చుపెట్టి గుడి కట్టినందుకు పన్నెండేళ్లు గోల్కొండ చెరలో మగ్గాడని కథ. ప్రకటించిన సొమ్ము ఖర్చుపెట్టని వాళ్లకు ఎన్నేళ్లో తానీషా చెప్పి పోలేదు.

కరకట్ట సంగతి చూడండి. నది పెరగ్గానే ఆ నీళ్లు ఊళ్లోకి ఎదురు తన్నకుండా కట్టలోని స్లూయిజ్‌లు మూసేస్తారు. అప్పుడు ఊళ్లో కురిసిన వానకు బయటికి దారుండదు. మోటార్లు పెట్టి కట్ట అవతలికి తోడాలి. తోడే శక్తి చాలకపోతే గుడి పక్కనున్న విస్తా కాంప్లెక్స్ దుకాణాల్లోకీ, అన్నదాన సత్రం వైపూ మోకాళ్ల లోతు మురుగు. అంటే గోదావరి కట్ట దాటకపోయినా ఊరు మునుగుతుంది. స్లూయిజ్ మూసింది మనమే, మోటారు పెట్టాల్సిందీ మనమే. ఇందులో విదేశీయుడికి పాత్ర ఇద్దామన్నా ఖాళీ లేదు.

ప్రభుత్వం మారింది, వానలు మారలేదు. అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టుకు ఉన్న గేట్లే మూడు. 2024 జులైలో అందులో ఒకటి మొరాయించింది. కట్ట తెగి, వరద కింద ఆంధ్రలోని వేలేరుపాడు, కుక్కునూరు మండలాల మీద పడింది. ప్రాజెక్టు తెలంగాణలో, ఆయకట్టు ఎక్కువ ఆంధ్రలో. కాబట్టి గేటుకు గ్రీజు ఎవరు పూయాలన్నది అంతర్రాష్ట్ర సమస్య. సెప్టెంబరు ఒకటిన ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకున్నారు. ముగ్గురు మంత్రులున్న జిల్లా అది. పగలంతా హెలికాప్టర్ కోసం ఆకాశం చూశారు, వాతావరణం బాగాలేదని అది రాలేదు. రాత్రి ఓ జేసీబీ డ్రైవర్ బండి తీసుకుని నీళ్లలోకి దిగి తొమ్మిది మందినీ తెచ్చాడు. హెలికాప్టర్‌కు బాగాలేని వాతావరణం జేసీబీకి ఎలా బాగుందో విచారణ జరిపించాల్సిందే.

చివరికి ఆ మిట్ట కాలనీ దగ్గరికే వద్దాం. భద్రాచలం చుట్టూ మిట్ట నేల ఎక్కడుంది? 2014లో పోలవరం ముంపు పేరుతో భద్రాచలం పట్టణాన్ని మాత్రం ఉంచి చుట్టుపక్కల మండలాలు ఆంధ్రకు ఇచ్చారు. గుడి తెలంగాణలో, పురుషోత్తపట్నంలోని గుడి భూములు ఆంధ్రలో. ఊరు దాటి నాలుగడుగులు వేస్తే ఎటపాక, అంటే పక్క రాష్ట్రం. ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీలు తిరిగి ఇవ్వండని ఆ 2022 వరదల్లోనే అప్పటి మంత్రి పువ్వాడ అజయ్ అడిగారు. ఆ అయిదూ ఇప్పటికీ అవతలే ఉన్నాయి. సముద్రాల అవతలి దేశాల గుట్టు లాగిన సర్కారుకు, కరకట్ట మీద నిలబడితే కనిపించే అయిదు పంచాయతీల మీద పక్క రాష్ట్రంతో ఒక్క సంతకం పెట్టించడం చేతకాలేదు.