మొటిమల కన్సల్టెంటు

పెళ్లిలో వంటవాళ్లకి ఉప్పు సంగతి చెప్పే పెద్దాయనా, రైల్లో ప్రభుత్వాన్ని కూలదోసే మేష్టారూ మనకి పాత చుట్టాలే. వాళ్ల తర్వాతి తరంలో పుట్టుకొచ్చినవాడు మొటిమల కన్సల్టెంటు. వయసు ఇరవై రెండు, ఇరవై మూడు. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో హాస్టల్లో ఉంటాడు, ఏదో కోర్సు నేర్చుకుంటుంటాడు. కోర్సు సంగతి అడిగితే రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. మొహం సంగతి కదిపారో, మెస్సులో మీ సాంబారు చల్లారిపోతుంది.

మాట్లాడేటప్పుడు అతను మీ కళ్లలోకి చూడడు. ముందు నుదురు చూస్తాడు, తర్వాత ముక్కుకి అటూ ఇటూ, ఆఖర్న గడ్డం. చూపు గడ్డం దగ్గర ఆగిందంటే ఏదో దొరికిందన్నమాట. "అన్నా, ఏమీ అనుకోకు. నైట్ ఏం వాడుతున్నావ్?" అంటాడు. రాత్రిపూట మీరు దుప్పటి తప్ప ఇంకేమీ వాడరు. ఆ మాట విని అతను పడే జాలి చూస్తే మీకే మీ మీద బెంగ పట్టుకుంటుంది.

ఈ విద్య అతనికి ఊరికే రాలేదు. పదో తరగతిలో ముక్కు మీద మొదటిది లేచినప్పుడు అమ్మమ్మ సానరాయి మీద జాజికాయ పాలతో అరగదీసి పెట్టింది. పిన్ని ముల్తానీ మట్టి అంది. మేనమామ నాడి కూడా చూడకుండా "వేడి చేసిందిరా, మామిడిపళ్లు తగ్గించు" అన్నాడు. అది డిసెంబరు. తోటి కుర్రాళ్లు మాత్రం "ఎవరో నీమీద మనసు పడ్డార్రా" అన్నారు. వైద్యాలన్నిటిలోకీ ఈ సిద్ధాంతమే అతనికి నచ్చింది. కొన్నాళ్లు గట్టిగా నమ్మాడు కూడా. కానీ రెండో నెలకి మొహం మీద లెక్క చూసుకుంటే క్లాసులో అంతమంది ఆడపిల్లలు లేరు.

అప్పుడు సొంత ప్రయోగాల్లోకి దిగాడు. రాత్రి టూత్‌పేస్టు పెట్టుకు పడుకుంటే పొద్దున్నకి మొటిమ ఎక్కడున్నది అక్కడే ఉంది, చుట్టూ చర్మం కమిలింది. నిమ్మకాయ రుద్దుకుని క్రికెట్‌కి వెళ్లాడు. నిమ్మరసం తగిలిన చోట ఎండ పడితే చర్మం కమిలి బొబ్బలెక్కుతుందని డాక్టర్లకి ఎప్పటినుంచో తెలుసు. అతనికి రెండు రోజులాగి తెలిసింది.

ఇన్ని దెబ్బలు తిన్నాకే మందుల షాపు మెట్లెక్కాడు. అక్కడ అతన్ని చూడాలి! మొటిమల మందుకొచ్చినవాడు మామూలుగా జనం తగ్గేదాకా బీపీ మిషన్ చూస్తున్నట్టు నటిస్తాడు. తర్వాత చెయ్యి అడ్డం పెట్టుకుని బుగ్గ చూపించి, "దీనికేమన్నా ఇవ్వండి" అని గొణుగుతాడు. మనవాడు కౌంటర్ మీద మోచెయ్యి ఆనించి, షాపంతా వినేలా అడుగుతాడు.

"బెంజాయిల్ పెరాక్సైడ్ ఉందా? టూ పాయింట్ ఫైవ్."

షాపబ్బాయి ఓ ట్యూబు తీసి పెడతాడు.

"ఇది ఫైవ్ కదా భయ్యా."

"టూ పాయింట్ ఫైవ్ అయిపోయింది. అదే సగం రాస్కో."

శాస్త్రానికి ఇంత అవమానం జరిగాక అతను ఇంకో షాపుకి వెళ్లిపోతాడు. ఈ ఒక్క విషయంలో నేను అతని పక్షం. 1986లో అచ్చయిన ఒక అధ్యయనంలో 2.5, 5, 10 శాతం జెల్‌లు పక్కపక్కన పెట్టి చూశారు. ఎర్రగా వాచిన మొటిమల మీద 2.5 శాతానిది కూడా పది శాతమంత పనీ చేసింది, పైగా మంటా ఎరుపూ తక్కువ. ఎక్కువ శాతమైతే ఎక్కువ పని అనుకుని పది శాతం కొనుక్కునేవాళ్లు ఆ డబ్బులు మంట కోసం కడుతున్నారన్నమాట. సగం రాస్తే శాతం సగమవదన్న సంగతి కూడా షాపబ్బాయికి ఎవరైనా చెప్పాలి.

ఈ మందుకి ఇంకో గుణముంది. మొటిమల సూక్ష్మజీవి పని పడుతుంది, దాంతోపాటు బట్టల రంగు పని కూడా పడుతుంది. మనవాడు దసరాకి ఇంటికి వెళ్లాడు. వాళ్లమ్మ కొత్తగా కొన్న మెరూన్ టవలు మీద వారం తిరక్కుండా రెండు బుగ్గలూ ఒక గడ్డమూ తెల్లగా అచ్చు పడ్డాయి. టవలు విప్పి పట్టుకుంటే అబ్బాయిని గుర్తుపట్టొచ్చు. నాన్న దాన్ని చంకన పెట్టుకుని బట్టల షాపుకి వెళ్లాడు. "రంగు గ్యారంటీ అన్నారు కదండీ" అని తగువేసుకుని ఇంకోటి తెచ్చాడు. అదీ అంతే అయింది. దిండు గలీబుల మీదా మచ్చలు తేలాయి. అమ్మ బట్టల సబ్బు మార్చింది. తర్వాత కుళాయి నీళ్లలో బ్లీచింగ్ ఎక్కువైందని మున్సిపాలిటీని తిట్టింది. ఇంటిల్లిపాదీ దర్యాప్తులో ఉంటే ముద్దాయి మంచం మీద పడుకుని ఫోన్లో తన నుదురు పెద్దది చేసి చూసుకుంటున్నాడు. తెల్ల టవళ్లూ తెల్ల గలీబులూ వాడితే సరిపోయేది. ఆ సలహా అతను హాస్టల్లో అందరికీ ఇచ్చాడు, ఇంట్లో మాత్రం నోరు విప్పలేదు.

అతనికి తెలియనిది లేదు, ఓపిక పట్టడం తప్ప. ఇవాళ బుగ్గ మీద తేలింది లోపల కొన్ని వారాల కిందటే మొదలైంది. చర్మంలో ఊరే జిడ్డుకి బయటికి దారి మూసుకుపోయి, అందులో సూక్ష్మజీవులు పెరిగి, వాచి, చివరికి మన కంటపడుతుంది. అందుకే ఏ పూతమందుకైనా రెండు మూడు నెలలు గడువివ్వాలి. ఈ పాఠం అతను జూనియర్లకి కంఠతా చెబుతాడు. "మినిమమ్ ట్వెల్వ్ వీక్స్ తమ్ముడూ. మధ్యలో మార్చావంటే వేస్టు." తను మాత్రం పదో రోజుకల్లా మారుస్తాడు. అతని గూట్లో ట్యూబులు చూడండి. ఒక్కటీ అయిపోయి ఉండదు. అన్నీ మెడ దగ్గర నొక్కినవే. శాలిసిలిక్ యాసిడ్ ఫేస్‌వాష్ ఒకటి, నయాసినమైడ్ సీరం చుక్కల సీసా ఒకటి, వేపాకు బొమ్మ ఉన్నది ఒకటి, మొటిమ మీద అతికించే గుండ్రటి స్టిక్కర్ల అట్ట ఒకటి. ఒకే రాత్రి అన్నీ వరసగా పూసుకుని, పొద్దున మొహం చురచురలాడుతుంటే "స్కిన్ బ్యారియర్ డ్యామేజ్ అయింది" అని గంభీరంగా చెబుతాడు. డ్యామేజ్ చేసింది ఎవరో చెప్పడు.

అమెరికా బావ సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. 2016లో అమెరికావాళ్లు అడాపలీన్ 0.1 శాతం జెల్‌ని డాక్టరు చీటీ లేకుండా అమ్ముకోమన్నారు. ఆ కబురు డల్లాస్ బావకి చేరేలోపే అమీర్‌పేట హాస్టల్‌కి చేరింది. అప్పట్నుంచీ ఇక్కడ్నుంచి ఆవకాయ వెళుతుంది, అక్కడ్నుంచి ట్యూబు వస్తుంది. అదే మందు మన దేశంలో చాలా కంపెనీలు చేస్తున్నాయి, ధర కూడా తక్కువే. ఆ ముక్క అతనికి చెప్పి చూడండి. "దీని ఫార్ములేషన్ వేరే అంకుల్" అంటాడు. బఠాణీ గింజంత తీసుకుని మొహమంతా పలచగా పూయాల్సిన మందు అది, రాబోయేవాటిని ఆపేది. అతను ఉన్న మొటిమ నెత్తిన చుక్క పెట్టి ఊరుకుంటాడు. మొదటి వారాల్లో చర్మం పొట్టు లేచి, కొత్తవి నాలుగు పైకొచ్చేసరికి, బావకి ఫోన్ చేసి ఎక్స్‌పైరీ డేట్ అడిగాడు.

రోగ నిర్ధారణలో మాత్రం తడబాటు లేదు. నుదుటి మీదైతే చుండ్రు, బుగ్గ మీదైతే ఫోను, గడ్డం మీదైతే హార్మోన్లు, ముక్కు మీదైతే మెస్సు పూరీలు. ఇందులో అన్నీ గాలిమాటలనుకోకండి. తలకి పట్టించిన నూనె జారి నుదుటి మీద పొక్కులు తేవడం నిజమే, డాక్టర్లూ ఆ మాటంటారు. జిమ్ము కుర్రాళ్లలో కొందరికి వే ప్రొటీన్ డబ్బా మొదలెట్టాక మొటిమలు ఎక్కువైన కేసులు వైద్య పత్రికలకెక్కాయి. ఎటొచ్చీ, నిజాన్నీ గాలిమాటనీ అతను ఒకే గొంతుతో చెబుతాడు. అందుకే విన్నవాడు నూనె మానడు, పూరీ మానేస్తాడు.

మొటిమలు తగ్గినప్పుడు పుణ్యం ఎవరి ఖాతాలో వేయాలన్నది అసలు చిక్కు. పన్నెండు నుంచి ఇరవై నాలుగేళ్ల వయసువాళ్లలో దాదాపు 85 శాతం మందికి ఎంతో కొంత వస్తాయని చర్మవైద్యుల లెక్క. చాలామందికి ఇరవైలు గడిచేకొద్దీ వాటంతటవే తగ్గుముఖం పడతాయి. తగ్గిన నెలలో చేతిలో ఏ ట్యూబుంటే దానికి జీవితాంతం జేజేలు. ఒకడు వేపాకు సబ్బంటాడు, ఒకడు కలబంద అంటాడు, ఇంకొకడు తిరుపతిలో గుండు చేయించుకున్నాక పోయాయంటాడు. మనవాడి పెదనాన్న కొడుకు జన్మలో ఏమీ పూసుకోలేదు, వాడికీ పోయాయి. అది మాత్రం మనవాడి లెక్కలోకి రాదు. "వాడిది జీన్స్ అంకుల్" అని కొట్టిపారేస్తాడు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఈ మధ్య అతని దగ్గరికి పెళ్లి కేసులు వస్తున్నాయి, అక్కడే నాకు నవ్వు రావడం లేదు. బాబాయి కూతురి పెళ్లి ఇరవై రోజుల్లో ఉంది, బుగ్గ మీద నాలుగున్నాయి. "ఒరేయ్ అన్నయ్యా, ఏదో ఒకటి చెయ్యరా" అని ఆ పిల్ల ఫోన్ చేసింది. పన్నెండు వారాల మందు ఇక్కడ పనికిరాదు. అతను షాపుకి వెళ్లి సంగతి చెప్పాడు. షాపబ్బాయి ఈసారి వంగి, కింది అరలోంచి తీశాడు. "ఇది రాయమను భయ్యా. వారంలో మొహం మెరుస్తది."

నిజంగానే మెరుస్తుంది. అందులో ఉన్నది స్టెరాయిడ్. ఎరుపునీ వాపునీ అణిచిపెడుతుంది, పెళ్లి ఫొటోలు బాగా వస్తాయి. ఆపగానే అణిగినవన్నీ అంతకంత లేస్తాయి. భయపడి మళ్లీ రాస్తారు, తగ్గుతాయి. మళ్లీ ఆపితే మళ్లీ లేస్తాయి. ఇలా నెలల తరబడి సాగితే చర్మం పలచబడి ఎర్రటి సన్న రక్తనాళాలు బయటపడతాయి, ఆడపిల్లల బుగ్గల మీద నూగు మొలుస్తుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇక్కడ సామెత కాదు, కేసు షీటు. ఇలా పాడైన మొహాలు మరీ ఎక్కువైపోయి, మన దేశపు చర్మవైద్యులు ఆ జబ్బుకి విడిగా ఒక పేరే పెట్టాల్సి వచ్చింది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. షాపబ్బాయికి ఆ సంగతి తెలుసు. తెలియకపోతే పై అరలోనే పెట్టేవాడు.

మన కన్సల్టెంటుకి మాత్రం తెలియదు. శాతాలన్నీ నోటికొచ్చినవాడు ఆ ట్యూబు వెనక్కి తిప్పి చూడలేదు. షాపబ్బాయి ఇచ్చాడు, అతను చెల్లెలికి పంపాడు.

కాబట్టి ఒక మనవి. మీ ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉండి, ఇలాంటి అన్నయ్యో బావో ప్రేమగా ట్యూబు తెచ్చిస్తే ముందు దాన్ని వెనక్కి తిప్పండి. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మోమెటాసోన్, ఈ మూడు పేర్లలో ఏది కనిపించినా, లేబుల్ మీద ఎర్ర నిలువు గీత ఉన్నా, చర్మ డాక్టరు చూసి రాస్తే తప్ప మొహానికి తాకనివ్వకండి. తెచ్చినవాడికి కాఫీ ఇవ్వండి. ట్యూబు ఇచ్చి పంపండి.