చిల్లర లేని లెక్కలు: ఇంటి పెద్దలకు ఒక మార్గదర్శిని

ఫోనుతో డబ్బు కట్టడం, పిల్లలకు లెక్కలు నేర్పడం రెండు వేర్వేరు విద్యలని పుస్తకాలు చెబుతాయి. ముంబయిలో గ్రాంట్ రోడ్ స్టేషన్‌కు తూర్పున, కామాటిపురా చాళ్లలో, అంటే వరుస గదుల ఇళ్లలో, ఈ రెండూ ఒకే ఖోలీలో, ఒకే సాయంత్రం, ఒకే ఫోను మీద జరుగుతాయి. అందుకే రెండింటికీ ఒక్క మార్గదర్శిని చాలు. పెద్దలు అనుసరించవలసిన పద్ధతి కూడా ఒక్కటే: తమకు రాని పని పిల్లల చేత చేయించుకోవాలి, ఆ తర్వాత పిల్లలకు ఏమీ రావడం లేదని బాధపడాలి.

ముందుగా స్థలపరిచయం. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం ఇలాకాలోంచి బొంబాయికి కట్టడం పనులకు వచ్చిన తెలుగు కూలీలను అక్కడివాళ్లు కామాటీలన్నారు. వాళ్లు కాపురం పెట్టిన చోటు కామాటిపురా అయింది. ఇక్కడి గల్లీలను అంకెలతోనే పిలుస్తారు. అమ్మమ్మ పదమూడో గల్లీలో, ట్యూషన్ ఏడో గల్లీలో ఉన్న పిల్లకు బడిలో వేయకముందే అంకెలు వచ్చేస్తాయి. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో మరాఠీయో ఇంగ్లీషో. బృహన్ముంబయి నగరపాలిక ఎనిమిది భాషల మాధ్యమాల్లో బడులు పెట్టింది, వాటిలో తెలుగూ ఒకటి. తెలుగు బడి మూతపడకూడదని సభల్లో గట్టిగా అడిగేవాళ్లలో చాలామంది తమ పిల్లలను ఇంగ్లీషు బడిలో చేర్పిస్తారు. ఇది ఏ మార్గదర్శినిలోనూ లేకపోయినా అందరూ పాటిస్తున్న నియమం.

కావలసిన సామగ్రి

తెరమీద ఓ గీత పగిలిన ఫోను ఒకటి. దానికి తగిలించిన బ్యాంకు ఖాతా ఒకటి. రెండో తరగతి దాటిన పిల్ల ఒకతె. మొదటి రెండూ లేకపోయినా పక్క ఖోలీలో దొరుకుతాయి. మూడోది మాత్రం సొంతంగా ఉండాలి.

చెల్లించే విధానం

యూపీఐ 2016 ఏప్రిల్ 11న మొదలైంది. మొదలైనట్టు గల్లీల్లో ఎవరికీ తెలియదు. అదే ఏడాది నవంబర్ 8 రాత్రి ఐదొందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నప్పుడు తెలియడం మొదలైంది. ఆ తర్వాత కూరగాయల బండికి, వడాపావ్ గాడీకి, చివరికి చెప్పులు కుట్టే పెట్టెకు కూడా క్యూఆర్ అట్ట వేలాడింది. యూపీఐని నడిపించే సంస్థ కార్యాలయం ఇదే ఊళ్లో బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో ఉంది. నాకా అనే కూలీల అడ్డా నుంచి అక్కడికి కట్టడం పనికి వెళ్లే కూలీకి మాత్రం సాయంత్రం కూలి నోట్లలోనే ముడుతుంది. బడి ఫీజు లింకులో కట్టాలి, కూలీలను పెట్టుకునే ముకద్దం ఇచ్చేది చేతిలో. ఈ నోట్లను ఫోనులోకి ఎక్కించడానికి కిరాణా సేఠ్ దగ్గరికి పోవాలి. ఆయన నోట్లు తీసుకుని తన ఫోను నుంచి పంపుతాడు. కొందరు సేఠ్‌లు ఉత్తపుణ్యానికి పంపుతారు, కొందరు పంపరు.

దుకాణం ముందు నిలబడగానే ఫోను పిల్ల చేతికి ఇవ్వాలి. పిన్ను ఎవరికీ చెప్పరాదని బ్యాంకు హెచ్చరిస్తుంది. చాల్‌లో “ఎవరికీ” అంటే బయటివాళ్లకని అర్థం. పిల్ల నొక్కుతున్నంతసేపూ భుజం మీదుగా తొంగిచూస్తూ “పోయినయా బిడ్డా? ఎన్ని పోయినయ్?” అని అడుగుతూ ఉండాలి. డబ్బు వెళ్లిన వెంటనే ఫోను లాక్కుని “ఎప్పుడు చూసినా ఫోనేనా” అని గదమాయించాలి. చెల్లింపుకూ తిట్టుకూ మధ్య నిమిషం మించి తేడా ఉంటే తిట్టు పనిచేయదు.

బస్సులో చిల్లర గురించి వాదించకూడదు. 2021లో నగర బస్సులు నడిపే బెస్ట్ సంస్థ తన ఉద్యోగుల జీతంలో కొంత భాగాన్ని పోగుపడిన నాణేలతోనే చెల్లించింది. కాబట్టి కండక్టరు చిల్లరను చూసే చూపుకు వేరే చరిత్ర ఉంది.

పిల్లల కమీషన్

యాభై నోటు ఇచ్చి నలభై తొమ్మిది రూపాయల సరుకు తెమ్మన్న కాలంలో మిగిలిన రూపాయి తెచ్చినవాళ్లది. దుకాణదారు రూపాయి లేదంటే చాక్లెట్ ఇచ్చేవాడు. ఆ చాక్లెట్ వల్లే పిల్లలు దుకాణానికి పరుగెత్తి పోయేవాళ్లు. ఫోను సరిగ్గా నలభై తొమ్మిదే కడుతుంది. పరుగెత్తడం లేదేమని పెద్దలు ఆశ్చర్యపోవాలి.

తీసివేత నేర్పే విధానం

ఇది ఈ మార్గదర్శినిలో ముఖ్య విభాగం, కొంచెం ఎక్కువసేపు పడుతుంది.

మూడో తరగతి పుస్తకంలో నూరులోంచి ముప్పై ఏడు తీసేయమని ఉందనుకుందాం. పెద్దలకు వచ్చిన పద్ధతి ఒకటుంది. సున్నాలోంచి ఏడు పోదు, పక్కింట్లో అప్పు తేవాలి. పక్కింట్లోనూ సున్నాయే. కాబట్టి ఆ పక్కింటాయన మూడో ఇంటికి పోయి అప్పు తెచ్చి, అందులోంచి కొంత మనకిస్తాడు. చాల్‌లో నెలాఖరున జరిగేదంతా ఇదే కనుక పెద్దలకు ఈ లెక్కలో తప్పు కనబడదు. పుస్తకంలో మాత్రం ఒక గీత ఉంటుంది. ముప్పై ఏడు నుంచి నలభైకి ఒక గెంతు, నలభై నుంచి యాభైకి ఒకటి, యాభై నుంచి నూరుకు ఒకటి. మూడు, పది, యాభై కూడితే అరవై మూడు. పుస్తకం చూడగానే పెద్దలు “ఇదేం లెక్క? తీసివేతలో కూడటమేంది?” అనాలి. టీచరుకు ఏమీ రాదనాలి. తర్వాత తమ పద్ధతి చెప్పి, పిల్లను గందరగోళంలో పెట్టి, మర్నాడు తప్పు పడితే బడిని తిట్టాలి.

ఈ సలహా పాటించేవాళ్లు ఒక విషయం మాత్రం గమనించకుండా జాగ్రత్తపడాలి. కిరాణా సేఠ్ ఏనాడూ తీసివేయలేదు. ముప్పై ఏడు రూపాయల సరుకుకు నూరు నోటు ఇస్తే ఆయన పెట్టెలోంచి మూడు రూపాయలు తీసి “చాళీస్” అనేవాడు, పది పెట్టి “పచాస్”, యాభై పెట్టి “సౌ” అనేవాడు. అంతే, లెక్క అయిపోయింది. అప్పు లేదు, పక్కిల్లు లేదు. పుస్తకంలో గెంతులుగా గీసిన లెక్క దుకాణం బల్ల మీద ఏళ్ల తరబడి నడిచిందే. నాకా మీద మూడు రోజుల కూలిలోంచి ముందే తీసుకున్న బయానా పట్టుకున్నప్పుడు తండ్రి వేసుకునేదీ ఇదే లెక్క. ఆయనకు ఆ లెక్క వచ్చు, తనకు వచ్చని తెలియదు. బడిలో ఎవరూ దాన్ని లెక్క అనలేదు. బడిలో నేర్పింది అప్పు పద్ధతి. అది సగం వచ్చి, సగం రాక ఆయన బడి మానేశాడు. పిల్ల పుస్తకం చూసినప్పుడు వచ్చే చిరాకులో బడి మీద కోపం కొంతే. తనకు వచ్చిన నాలుగు ముక్కలు కూడా పనికిరాకుండా పోయాయన్న భయం మిగతాది.

చెల్లింపు మారడం వల్ల నష్టం ఇక్కడే జరిగింది. ఫోనులో ముప్పై ఏడు అని కొడితే ముప్పై ఏడే పోతుంది. ఎవరూ ఎవరికీ ఏమీ తిరిగి ఇవ్వరు. మిగిలింది ఎంతో చూడాలంటే మళ్లీ పిన్ను కొట్టాలి, ఆ మిగిలింది చూడటానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం ఉండదు. నోటు తిరిగి చిల్లరగా మారడం చూసిన పిల్లకు గీత మీది గెంతులు బొమ్మగా కనిపించేవి. చూడని పిల్లకు ఆ గీత ఉత్త గీతే. బడి సరిగ్గా దుకాణం పద్ధతికి దగ్గరవుతున్న కాలంలో దుకాణం ఆ పద్ధతి వదిలేసింది. దీనికి పరిష్కారం ఉంది: వారానికోసారి పిల్ల చేతికి నోటు ఇచ్చి పంపడం. ఇది తేలిక కనుక ఎవరూ చేయరు.

అంకెల పేర్లు

నలభై ఐదును హిందీలో పైంతాలీస్ అంటారు, మరాఠీలో పంచేచాళీస్ అంటారు. ఇంగ్లీషు బడి పిల్లకు ఈ రెండూ రావు, “మతలబ్ ఫార్టీఫైవా?” అని అడుగుతుంది. తండ్రికి ఈ పేర్లన్నీ నాకా మీద వచ్చేశాయి, కానీ ఫోను రాదు. దుకాణంలో డబ్బు ముట్టిందని పైకి చెప్పే డబ్బా “పైంతాలీస్ రూపయే ప్రాప్త్ హుయే” అన్నప్పుడు నొక్కిన పిల్లకు ఎంత పోయిందో అర్థం కాదు, అర్థమైన తండ్రికి ఎలా పోయిందో తెలియదు. ఇద్దరూ కలిస్తే ఒక గిరాకీ అవుతారు. విడివిడిగా పంపకూడదు.

2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి రెండో తరగతి గణితంలో ఒక మార్పు చేసింది. మరాఠీలో ఎక్వీస్ అనే ఇరవై ఒకటిని వీస్ ఏక్ అని కూడా చదవవచ్చంది. రాష్ట్రమంతా గొడవైంది, శాసనసభ దాకా పోయింది. గణిత సమితికి నేతృత్వం వహించిన మంగళా నార్లికర్ ఆ మార్పును సమర్థించారు. సంయుక్తాక్షరాలతో నిండిన పేర్లు పిల్లలకు కష్టమనీ, దక్షిణాది భాషల్లో పదులు ముందు, ఒకట్లు తర్వాత వస్తాయనీ ఆవిడ వాదన. అంటే కామాటిపురా అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని లెక్కపెట్టే తీరును ఒక గణితవేత్త మెచ్చుకున్నట్టే. తెలుగువాళ్లకు ఇంత ప్రతిష్ఠ దొరకడం అరుదు. కానీ ఆ అవ్వ మనవలు అప్పటికే ట్వెంటీవన్ అంటున్నారు. “ఇరవై ఒకటి అనురా” అని చెప్పే పెద్దలు కూడా కూరగాయల బండి దగ్గర ఇక్కీస్ అంటారు.

పుస్తకాలు, భాషలు

2023లో బాలభారతి పాఠ్యపుస్తకాల మధ్యలో రాసుకోవడానికి ఖాళీ పేజీలు పెట్టారు, 2025లో తీసేశారు. తమ్ముడి కోసం అక్క పుస్తకాలు దాచిపెట్టరాదు.

ఒకటో తరగతి నుంచి హిందీ మూడో భాషగా ఉంటుందని 2025 ఏప్రిల్‌లో ఉత్తర్వు వచ్చింది, జూన్ 29న ఉత్తర్వులు వెనక్కి పోయాయి. ఈ మధ్యకాలంలో ఎవరైనా హిందీ ట్యూషన్ పెట్టించి ఉంటే ఫీజు తిరిగి అడగరాదు. గల్లీలో ఉచితంగా వచ్చే భాషకు డబ్బు కట్టడం ఎవరి తప్పు?

ఫీజు

విద్యాసంస్థలకు యూపీఐతో ఒకేసారి కట్టే పరిమితిని రిజర్వు బ్యాంకు 2023 డిసెంబర్‌లో లక్ష నుంచి 5 లక్షలకు పెంచింది. చాల్‌లో పాత పరిమితి వల్ల ఇబ్బంది పడినవారు లేరు.

ఊరికి పంపడం

బొంబాయి సంపాదన పాలమూరుకో కరీంనగర్‌కో పంపడం పాత విద్య. నిజాం కాలంలో బొంబాయిలో ముట్టింది బ్రిటిషు కల్దార్ రూపాయి, ఊళ్లో చెల్లింది నిజాం హాలీ సిక్కా. ఆరు కల్దార్లకు సుమారు ఏడు హాలీలు. ఆ లెక్క వచ్చినవాళ్లకే ఊళ్లో మర్యాద. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చి, పదహారణాల రూపాయి నూరు నయా పైసలైంది. హాలీ చెలామణీ 1959లో ముగిసింది. అణా, బేడ, పావలా ఎక్కాలు కంఠతా పట్టినవాళ్ల చదువంతా ఒక్కసారిగా చెల్లని నాణెమైంది. అప్పుడూ పెద్దలు కొత్త పైసలను తిట్టే ఉంటారు, పిల్లలు ఆ పైసలు చకచకా లెక్కపెట్టే ఉంటారు.

తర్వాత మనియార్డరు. 1880లో మొదలైన ఈ సేవను తపాలా శాఖ 2015 ఏప్రిల్‌లో పాత రూపంలో నిలిపివేసింది. చివరి రోజుల్లో ఇరవై రూపాయలకు రూపాయి కమీషన్. ఫారంలో పేరు, ఊరు, మండలం నింపడానికి అక్షరం రాని నాయిన పక్కన బడికి పోయే పిల్ల కూర్చునేది. కింద కాగితం ముక్క మీద రెండు మాటలు రాసే చోటుంటే అక్కడ “అందరూ క్షేమం” అని రాసేది, క్షేమం ఉన్నా లేకున్నా. ఇంటి అప్పు ఎంతో, బాబాయికి ఎంత పంపుతున్నారో, అమ్మకు తెలియకుండా ఎంత పంపుతున్నారో ఆ పిల్లకే తెలుసు. ఇప్పుడు ఫోను పట్టుకున్న పిల్లకు బ్యాలెన్స్ తెలిసినట్టే. ఈ చాళ్లలో ఏ తరంలోనూ పిల్లలకు డబ్బు విలువ తెలియకుండా పోలేదు. చాలాసార్లు పెద్దల కన్నా ముందే తెలిసింది, తెలియాల్సిన వయసు కన్నా కూడా ముందే. ఇంత తెలిసిన పిల్లను ముప్పై ఏడు తీసివేత రాలేదని గోడకు నిలబెట్టడం ఈ మార్గదర్శినిలో సమర్థించలేని భాగం. అయినా రాత్రి ఏడింటికి ఏదో ఒక ఖోలీలో అది జరుగుతూనే ఉంటుంది.

ముసలివాళ్లకు నేర్పడం

బటన్ ఫోనున్నవాళ్ల కోసం 2022 మార్చిలో యూపీఐ 123పే వచ్చింది. ఒకరి ఖాతాలోంచి ఇంట్లో ఇంకొకరు పరిమితిమేరకు కట్టుకునే వీలు 2024లో యూపీఐ సర్కిల్ పేరుతో వచ్చింది. పూర్తి అధికారం ఇస్తే నెలకు 15,000 రూపాయల దాకా. పిల్లకు అధికారికంగా ఇవ్వమని దీని ఉద్దేశం, అనధికారికంగా ముందే ఇచ్చేశారు కనుక ఎవరూ దీని జోలికి పోలేదు.

అవ్వకు నేర్పే బాధ్యత కూడా పిల్లదే. నాలుగుసార్లు చెప్పినా అవ్వ మరిచిపోతుంది, పిల్ల అయిదోసారి చెబుతుంది. ఆ సమయంలో తల్లిదండ్రులు గదిలో ఉండకపోవడం మేలు. ఉంటే “అట్ల గాదు” అని మధ్యలో దూరి ఇద్దరినీ చెడగొడతారు. పిన్నుకు పుట్టిన సంవత్సరం పెట్టుకుందామంటే అవ్వకు ఏ సంవత్సరమో తెలియదు, ఇది భద్రత రీత్యా మంచిది. గుర్తుంచుకోవడానికి ఆమె అంకెలను పైకి చదువుతుంది. ఖోలీకీ ఖోలీకీ మధ్య ఉన్నది పలక గోడే కనుక పిన్నును నెలకోసారి మార్చడం అవసరం. మార్చిన ప్రతిసారీ కొత్త పిన్ను పిల్ల చేత రాయించి, పప్పు డబ్బా మూతకు లోపలివైపు అంటించుకోవాలి.