పచ్చరంగు పూసిన పాపం

పాతబస్తీలో లాల్‌దర్వాజా దాటాక ఒక గల్లీలో ఉన్న చిన్న ప్రైవేటు బడిలో నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకు నేను టీచర్ని. బడి పేరు చెప్పను. మార్చి వచ్చిందంటే మా దగ్గర చదువు కంటే గోడలకే గిరాకీ ఎక్కువ. అడ్మిషన్ల కాలం కదా, బిడ్డను చేర్పించడానికి వచ్చినవాళ్లు ముందు గోడల వంక చూస్తారు, ఆ తర్వాతే ఫీజు అడుగుతారు. అందుకని పిల్లలతో ‘వసంతం గోడ’ ఒకటి చేయించమని మేడమ్ చెప్పారు. చేయించమన్నది ఆమె. ఎలా చేయించాలో తేల్చింది నేను. కాబట్టి ఇప్పుడు చెప్పబోయే తెలివితక్కువతనంలో ఇంకెవరికీ వాటా లేదు.

అది 2025 మార్చి. ఉగాది 30న, రంజాన్ 31న, పక్కపక్కనే పడ్డాయి. 15 నుంచి ఒంటిపూట బడి. సహరీకి ఇంట్లో పెద్దలు లేస్తే పిల్లలూ లేస్తారు, దాంతో పది కొట్టేసరికి సగం తరగతి కూర్చున్నచోటే తూగేది. వసంతం అంటే ఏమిటో ఒక్క నిమిషం కిటికీలోంచి చూసి ఆలోచించాల్సిన నేను ఫోన్ తెరిచాను. ‘స్ప్రింగ్’ అని కొట్టగానే ట్యూలిప్పులు, డాఫడిల్స్, చెర్రీ కొమ్మలు బొలబొలా వచ్చిపడ్డాయి. ఎంత శుభ్రంగా ఉన్నాయో! ఆ సాయంత్రమే బేగంబజారు వెళ్లి ఫోమ్ షీట్లు, క్రేప్ కాగితం, చార్టులు, ఫెవికాల్ డబ్బా తెచ్చుకున్నాను. రాత్రి కూర్చుని ట్యూలిప్పులన్నీ నేనే కత్తిరించాను. పిల్లలు కత్తిరిస్తే అంచులు కుదరవని. వాళ్ల వంతుకు ఆకులు వదిలిపెట్టాను.

మర్నాడు ఒక ట్యూలిప్పు పైకెత్తి చూపిస్తే ముందు వరసలోని ఆడపిల్ల కళ్లు చికిలించి, “యే క్యా హై టీచర్? ప్యాజ్?” అంది.

“నై బేటా, ఫూల్ హై” అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు. నేను నవ్వుకున్నాను. తర్వాత తెలిసిందేమంటే, ట్యూలిప్పు మొలిచేది అచ్చం ఉల్లిగడ్డలాంటి గడ్డ నుంచే. ఆ గడ్డ కొన్ని వారాలపాటు మట్టిలో చలికి వణికితే తప్ప పూత రాదు. శ్రీనగర్‌లో దాల్ సరస్సు పక్కన తోటలకు తోటలు పూస్తుంది. ఏప్రిల్‌లో నలభై డిగ్రీలు దాటే మా గల్లీలో దానికి ఏం పని? ఆ పిల్ల నాకంటే నిజానికి దగ్గరగా ఉంది. వాళ్లమ్మ లాడ్‌బజార్ దుకాణాలకు ఇంట్లోనే లక్క గాజుల మీద రాళ్లు పొదుగుతుంది. ఆ పిల్ల కూడా జిగురును వేలితో పూయదు, అగ్గిపుల్ల కొసతో చుక్క పెడుతుంది. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పనితనం అది. నేనేమో ఆ చేతికి రంగులు నింపే పని మాత్రమే ఇచ్చి, ‘గీత దాటకూడదు’ అని పాఠం చెప్పాను.

అసలు నేరం ఇది కాదు. అందరికీ ఆకు బొమ్మ జిరాక్సులు పంచాను, పచ్చ క్రేయాన్లు ఇచ్చాను. చివరి వరసలో ఒక బుడ్డోడు తన పచ్చ క్రేయాన్ పక్కవాడికిచ్చి, ఎర్రది తెచ్చుకుని, ఆకు మొత్తం ఎర్రగా నింపాడు. మధ్యలో కొంచెం గోధుమరంగు కూడా.

“ఆకు పచ్చగా ఉంటుంది నాన్నా.”

“ఎర్రగనే ఉంటది టీచర్. గటు చూడు” అని కిటికీ వైపు వేలు చూపించాడు. నేను చూసింది వాడి వేలిని. మైనం మరకలతో నిండి ఉంది. “పో, చేతులు కడుక్కో” అన్నాను.

పిల్లలు వెళ్లిపోయాక నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ నోరు రావడం లేదు. వాడి ఆకు మీద పచ్చ పోస్టర్ కలర్ పూశాను. మైనం మీద నీళ్ల రంగు నిలవదని నర్సరీ టీచర్‌కి తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి? రంగు చుక్కలు చుక్కలుగా విడిపోయింది. రుద్దాను. ఎరుపూ పచ్చా కలిసి బురదయింది. అప్పుడు ఇంకో ఆకు కత్తిరించి, చక్కగా పచ్చరంగు వేసి, కింద వాడి పేరు రాసి అతికించాను. దొంగ సంతకం అంటే ఇదే కదా! వాడి ఆకు చెత్తబుట్టలోకి వెళ్లింది. అంతా స్టూలెక్కి నా కళ్ల ఎత్తుకు సరిపోయేలా అమర్చాను, అంటే వచ్చే తల్లిదండ్రుల కళ్ల ఎత్తుకు. మూడేళ్ల పిల్లలకు అక్కడ కనిపించేది ట్యూలిప్పుల అడుగుభాగం.

మర్నాడు వాడు మెడ వెనక్కి విరిచి గోడంతా వెతికాడు. పేరు చూపించాను. వాడికి ఇంకా చదవడం రాదు, తన పేరు కూడా. “ఇది నాది కాదు” అన్నాడు. “నీదే” అన్నాను.

ఆ వారంలోనే నీళ్ల ట్యాంకు చూడటానికి మేడమీదికి వెళితే, మా కిటికీకి సరిగ్గా ఎదురుగా పక్కింటి పిట్టగోడ నెర్రెలోంచి మొలిచిన రావిమొక్క కనిపించింది. పాతబస్తీలో చెట్టుకు నేల దొరకదు కాబట్టి రావి గోడల్లోనే కాపురం పెడుతుంది. పిట్టలు పండ్లు తిని రెట్ట వేసిన చోటల్లా మొలుస్తుంది. వేళ్లు గచ్చును చీలుస్తాయని పాత కట్టడాల మీద పీకిస్తూనే ఉంటారు, అది వస్తూనే ఉంటుంది. మొక్కతో గోడను అలంకరించడమంటే మా ఊళ్లో మొదటి హక్కు దానిదే. ఆ మొక్క నిండా లేత ఆకులు. ఒక్కటీ పచ్చగా లేదు. రాగిరంగు, ఎరుపు, కొసల్లో గులాబీ.

లేత ఆకులో పచ్చదనాన్నిచ్చే పత్రహరితం ఇంకా నిండదు, ఆంథోసయనిన్ అనే ఎర్రని పదార్థం ముందు చేరుతుంది. ఎండ దెబ్బ నుంచి ఆ లేతదనాన్ని కాస్తుంది. రావి, మామిడి, వేప అన్నీ అంతే. ఉగాదికి నేను గుమ్మానికి కట్టిన మామిడాకు కూడా కొన్నాళ్ల కిందట ఎర్రగానే ఉండి ఉంటుంది. ఇదంతా నాకు కొత్తా? మీరాలం మండిలో చింతచిగురు బేరమాడేటప్పుడు ఎరుపు చూసే కదా లేతదని ఏరుకుంటాను! పప్పులోకి తెలిసిన సంగతి పాఠంలోకి తెలియలేదు.

ఇంకో సంగతి కూడా గుర్తొచ్చి సిగ్గేసింది. ఇంటికొచ్చిన చుట్టాలను పత్తర్‌గట్టీ దగ్గర బాద్‌షాహీ ఆషుర్‌ఖానాకు తీసుకెళ్లి, ఈ ఊరు నేనే కట్టించినంత గొప్పగా చూపిస్తుంటాను. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590ల్లో కట్టించిన, పీర్లను నిలిపే చోటది. 1611 నాటి రంగు పెంకులు ఆ గోడలకు ఇంకా ఉన్నాయి. వాటి మీద పెద్ద పెద్ద కుండీలు, వాటిలోంచి సుడులు తిరిగే తీగలు. ఆకులు చూడండి, పసుపు, నీలం, ఇటుకరంగు. ఆ పనివాడు నా తరగతిలో ఉండుంటే రెండు చేతులూ కడిగించి, పచ్చ క్రేయాన్ చేతిలో పెట్టేదాన్ని. 1908లో మూసీ వరద లోపలికొచ్చి కింది పెంకులు పాడైతే, పోయినచోట తర్వాత రంగు పూశారు. దూరానికి తేడా తెలియదు, దగ్గరికెళితే మెరుపు ఉండదు. చుట్టాలకు ఆ తేడా వేలు పెట్టి మరీ చూపించేదాన్ని.

పండుగ సెలవులయ్యాక ట్యూలిప్పులు దించి బీరువాలో పెట్టేశాను. పిల్లలను పిట్టగోడ కనిపించే వరండాలో కూర్చోబెట్టి, అన్ని రంగులూ మధ్యలో పోసి, నేను పక్కకు జరిగాను. ఫెవికాల్ బదులు మైదా ఉడికించిన జిగురు ఇచ్చాను, నాకినా ఫర్వాలేదని. (పుస్తకాలు కుట్టేవాళ్లు పురుగు పట్టకుండా ఆ జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల దగ్గర ఆ మాటే వద్దు.) వాళ్ల మోకాళ్ల ఎత్తు నుంచి తలల ఎత్తు దాకా గోడ నిండింది. ఎర్ర ఆకులు, ఊదా ఆకులు, నిజం వేపపూత, ఒక బల్లి. ఆ ఎర్ర ఆకుల బుడ్డోడు ఈసారి తన ఆకును నన్ను ముట్టుకోనివ్వలేదు, తనే అతికించుకున్నాడు. మైదా వాసనకు రెండో రోజే చీమలు బారు కట్టాయి. వేపపూత రాలి నేల మీద పొడిలా పరుచుకుంది. ఆయమ్మ నా మొహం చూసి ఊరుకుంది.

వేసవి సెలవులకు ముందు ఒకాయన బిడ్డను చేర్పించడానికి వచ్చాడు. మేడమ్ ఆయనకు బడి చూపిస్తూ మా గది ముందు ఆగారు. మార్చిలో ట్యూలిప్పులు చూసి ఎవరు చేశారని అడిగినవాళ్లందరికీ, “అంతా పిల్లలే చేశారండీ” అని తడుముకోకుండా చెప్పినదాన్ని నేను. ఈసారి ఆయన చీమల బారు వంక చూస్తూ, “ఇది ఎవరు చేశారు?” అని అడిగాడు.

“ఊరికే ప్రాక్టీస్‌కి వదిలేసిందండీ. అసలుది ఇంకా పెట్టలేదు” అన్నాను.

మేడమ్ ఎదుట అన్నాక అసలుదంటూ ఒకటి పెట్టక తప్పుతుందా? ఆ మధ్యాహ్నం పిల్లలు వెళ్లాక బీరువా తెరిచి ట్యూలిప్పులు తీశాను.