మట్టిరోడ్డును కుందూలో కలిపే పద్ధతి

నంద్యాల, ఆళ్లగడ్డ పక్క మట్టిరోడ్లు వేయించే పెద్దలకు ఒక మాట. పోసిన గరుసు రోడ్డు మీదే కూర్చుంటే వచ్చే ఏడు అంచనా ఎట్లా రాస్తారు? దాన్ని వాగు దాకా, వాగులోంచి కుందూ నదిలోకి సాగనంపాలి. అదే అసలు పని.

ముందు ముహూర్తం. ఎండాకాలంలో పరిచి, నీళ్లు చల్లి, రోలరు తిప్పితే గరుసు బిగుసుకుపోతుంది. ఆ పొరపాటు చేయొద్దు. సెప్టెంబరులో మబ్బు పట్టాక బ్లేడు దింపి, పైపొర గుల్ల చేసి వదిలేయండి. 2019 సెప్టెంబరులో మహానంది గుడిలోకే నీళ్లొచ్చాయి. అట్లాంటి వాన ఒక్కటి చాలు, తెల్లారేసరికి మీ పని అయిపోతుంది.

రోడ్డు నడుము ఎత్తుగా ఉంచొద్దు. ఉంచితే నీళ్లు రెండు పక్కలకూ జారి, గడ్డిలో ఇంకి, మట్టిని అక్కడే దించేస్తాయి. నడుము పల్లంగా ఉంటే వడ్ల ట్రాక్టర్లు మిగతాది చూసుకుంటాయి. చక్రాల జాడ లోతుగా పడుతుంది, వాలులో ఆ జాడే కాలువవుతుంది. కింద నల్లరేగడి అయితే మరీ మంచిది, తడిసిందంటే చాలు, అదే కరిగి కదులుతుంది.

కిటుకంతా పక్కకాలువలో ఉంది. మధ్యలో ఎక్కడా చేలోకి మళ్లించకుండా తిన్నగా వాగులోకి తవ్వండి. అందులో గడ్డి మొలిస్తే ప్రొక్లైనుతో గీకించండి, గడ్డి మట్టిని పట్టుకుంటుంది. నల్లమల వాలు మీద పడిన చినుకు ఆకుల్లో ఆగి, నేలలోకి ఇంకి, నిదానంగా వంక చేరుతుంది. మీ కాలువలో పడిన చినుకుకు ఆ తిప్పలు లేవు. వక్కిలేరు, మద్దిలేరు సరసన మీ రోడ్డునూ కుందూ ఉపనదిగా రాయించుకోవచ్చు.

వాగు దాటే చోట సన్నపైపు వేయండి. మొదటి వరదకే కంప అడ్డం పడుతుంది, నీళ్లు పైకెక్కి కట్టను కోసుకుపోతాయి, ట్రాక్టర్ల కొద్దీ మట్టి ఒక్కసారిగా దిగువకు పోతుంది. పైపు దిగువ మూతి గాల్లో వేలాడేట్టు పెడితే చేపలు ఎగువకు ఎక్కలేవు. దిగువనే ఉండి గులకరాళ్ల సందుల్లో గుడ్లు పెట్టినా దిగులు లేదు, సన్నమట్టి కప్పేసి వాటికి ఊపిరాడనివ్వదు.

నీళ్లు ఎర్రగా వస్తున్నాయని, మోటారు ఫుట్‌వాల్వు బురదతో పూడిందని రైతులు అడిగితే “కొత్తనీరు లేప్పా” అనండి. మహానంది కోనేటి అడుగున పడిన నాణెం కూడా కనిపిస్తుంది కదా అని ఎవరైనా ఎదురాడితే అది ఊటనీరని, దానిమీద ఇంకా ఎవరూ గరుసు పోయలేదని చెప్పండి.

కుందూ కడప జిల్లా కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. పెన్న సోమశిలకు పోతుంది. మీ రోడ్డు సన్నమట్టి అంతదూరం పోయి జలాశయం అడుగున చేరగలదు, చేరినంత మేర నీళ్లకు చోటు తగ్గుతుంది. ఆ పూడిక తీతకు అంచనా వేరే, టెండరు వేరే.